ఫ్యాను రెక్క మీద పేరు

గుడికి వెళ్లినా చర్చికి వెళ్లినా నేను పైకే చూస్తాను. చూసినవాళ్లు ఈ పిల్లకి ఎంత భక్తో అనుకుంటారు. నేను చూసేది ఫ్యాన్లని. మా కోనసీమలో ఎవరి దగ్గర డబ్బుందో, అందులో ఎవరికి ఇచ్చే మనసుందో, ఇచ్చాక నలుగురికీ తెలియాలన్న ఆత్రం ఎవరికుందో, అన్నీ ఫ్యాను రెక్కల మీదే రాసి ఉంటాయి. ఒక్కటే చిక్కు. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనపడదు. అందుకని కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుకుని కూర్చుంటాను. ప్రసంగం మధ్యలో కరెంటు పోతే అందరూ ఉస్సురంటారు, నేను నోటుబుక్కు తీస్తాను.

ఇది నా ఉద్యోగం. అమలాపురంలో కోర్టుకి దగ్గరగా, ఒక జెరాక్సు షాపు మేడ మీద, రెండు గదుల్లో మా 'హక్కుల అండ' సంస్థ ఉంది. కూలి ఎగ్గొట్టినా, స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోయినా, పేట జనానికి దారి మూసేసినా మా దగ్గరికి వస్తారు. లాయరు కృపారావు గారు వాళ్ల దగ్గర పైసా తీసుకోకుండా కేసు నడుపుతారు. ఆ పైసా వేరే ఎక్కడి నుంచైనా తేవలసిన మనిషిని నేను. నా కార్డు మీద 'పింకీ, మేజర్ డోనర్స్ ఆఫీసర్' అని ఉంటుంది. పేరు చూసి సగం మంది నవ్వుతారు, రెండో ముక్క చూసి మిగతా సగం మంది తలుపేసుకుంటారు. చేరి రెండేళ్లయినా నాకున్న మేజర్ డోనర్లు ముగ్గురే. రాజోలులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, కువైట్లో ఇద్దరు నర్సులు. ముగ్గురూ తమ పేరు ఎక్కడా వేయొద్దన్నారు. వాళ్లు దేవుళ్లే. కానీ ముగ్గురు దేవుళ్లతో ఆఫీసు నడవదు.

ఆ వేసవిలో మాకు పెద్ద మొత్తమే కావలసి వచ్చింది, సత్యవతి గారి కేసు కోసం. కాట్రేనికోన అవతల ఒక పేట ఆమెది. నాలుగేళ్ల కిందట ఎవరో రొయ్యల చెరువు తవ్వి, పేట నుంచి శ్మశానానికి వెళ్లే దారిని గట్టులో కలిపేసి గేటు పెట్టారు. పోయిన వానాకాలం సత్యవతి గారి భర్త ఆనందరావు గారు పోతే, శవపెట్టెని నాటుపడవలో ఎక్కించి మురుగుకాలువ మీద తీసుకెళ్లారు. మధ్యలో పడవ ఒరిగింది. పెట్టె నీళ్లలో పడలేదు గానీ, ఆ ఒరగడం ఆమె కళ్లలో అలాగే ఉండిపోయింది. ఆమె మళ్లీ సమాధి దగ్గరికి వెళ్లలేదు.

"ఆయన్ని అలా పంపించేనండి. నేను మటుకు ఆయన దగ్గరికి నడిచే వెళ్తాను. బతికుండగానే," అంది మొదటి రోజు మా ఆఫీసులో. అది విన్నాక నాకు మరే కేసు మీదా మనసు నిలవలేదు.

కేసు ఆర్డీవో గారి ముందు ఉంది. అవతలివాళ్ల మాట ఒక్కటే, అక్కడ ఎప్పుడూ దారే లేదని. పాత మ్యాపులో కూడా గీత లేదు. పేటంతా వచ్చి చెప్పినా, కాగితం ఏదంటారు. ఇక్కడ ఓడిపోతే హైకోర్టుకి వెళ్లాలి, అక్కడి పెద్ద లాయర్ని పెట్టుకునే స్తోమత మాకు లేదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మామిడికుదురు వైపు ఒక చర్చిలో కరెంటు పోయింది. ఎనిమిది ఫ్యాన్లూ నెమ్మదిగా ఆగాయి. ఎనిమిదింటి మీదా ఒకటే పేరు, 'దాత: శ్రీ ధనరాజు గారు మరియు కుటుంబసభ్యులు'. మరో వారం అంతర్వేదిలో ఒక సత్రంలో కూర్చుంటే అక్కడా ఆయనే, ఫ్యాన్లూ గోడ గడియారం కూడా. ఇలాంటి మనిషిని నేను రెండేళ్లుగా వెతుకుతున్నాను.

ధనరాజు గారింటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల వెనక కూడా ఆయన పేరే ఉంది. తన ఇంట్లో తనే దాత. నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విని, చివర్లో ఒక్క ప్రశ్న అడిగారు.

"ఆయ్, అంతా బానే ఉందండి పింకీ గారూ. గుడికి ఫ్యానిచ్చేననుకోండి, గాలికి పైకి చూస్తారు, నా పేరు కనపడతాది. చర్చికి బల్లిచ్చేననుకోండి, కూర్చునేటప్పుడు చదువుకుంటారు. మీకిస్తే నా పేరు దేనిమీద వేస్తారండి?"

మా దగ్గర పేరు వేయదగ్గ వస్తువు ఒక్కటీ లేదు. మా దగ్గర ఉండేవి వాయిదాలు. బెయిలు కాగితం మీద దాత పేరు వేస్తే జడ్జి గారు ఊరుకోరు.

"మనుషుల మనసులో ఉంటుందండీ," అన్నాను. అది ట్రైనింగులో నేర్పిన మాట.

"మనసెవడు చదవొచ్చేడండి?" అన్నారాయన.

ఇక లాభం లేదని సత్యవతి గారి కథ ఎత్తుకున్నాను. గేటు, పడవ, పడవ ఒరగడం, ఏదీ వదల్లేదు. ఆయన కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు. కరిగారనుకున్నాను.

"ఇంతకీ ఆ చెరువు ఎవరిదటండి?"

"కాగితాల్లో వెంకటలక్ష్మి అనే ఆవిడ పేరుందండీ. వెనకాల ఎవడో ఉండే ఉంటాడు, పెద్ద గడుసుపిండం."

ఆయన లోపలికి తిరిగి కేకేశారు. "వెంకటలక్ష్మీ! ఈవిడికి కాఫీ తే. ఇందాకటి నుంచి నీ గురించే చెబుతున్నారు."

ఇన్ని ఫ్యాన్లు చదివాను, ఒక్క రెక్క మీదైనా ఆవిడ పేరుంటే ఆ గుమ్మం ఎక్కేదాన్నే కాదు. ఫ్యాన్ల మీద ఆవిడ 'కుటుంబసభ్యులు'. రేపు గొడవొస్తే ఇరుక్కునే చెరువు కాగితం మీద మాత్రం ఆవిడ పేరు పూర్తిగా ఉంది. కాఫీ నా చేతికిచ్చి, "చల్లారిపోద్ది, తాగండి," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ధనరాజు గారికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఆయన మొహంలో సంబరం కనపడింది.

"దొరికిందండి! కేసు తీసేయమనండి. ఆ దారి నేను దానం చేసేస్తాను. దారి మొదట్లో పెద్ద ఆర్చి కట్టిస్తాను, నల్లరాతి మీద బంగారపు అక్షరాలు. మీ ఆఫీసు ఖర్చు మూడేళ్లు నాదండి."

నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. బస్సులో అమలాపురం చేరేదాకా ఆ మూడేళ్లనే తలుచుకున్నాను.

కృపారావు గారు ఒక్క నిమిషంలో నీళ్లు చల్లారు. "ఎదుటి పార్టీ డబ్బు ముట్టుకుంటే మనం ఆఫీసుకి తాళం వేసుకోవచ్చమ్మా. అది వదిలెయ్. దారి సంగతి తేల్చాల్సింది నువ్వూ నేనూ కాదు, సత్యవతి గారు."

నేను వెళ్లేసరికి ఆమె కొబ్బరికాయలు వలుస్తోంది. దారి రేపే తెరుచుకుంటుందని, హైకోర్టు దాకా వెళ్తే ఎన్నేళ్లు పడుతుందో తెలియదని, నాకు చేతనైనంత తీయగా చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"దానమన్నాక, బుద్ధి మారిన రోజున మళ్లీ మూసుకుంటారు కదండి. మా దారికి మేం ఆయనకి దణ్ణం పెట్టుకుంటా నడవాలా, మా ఆయన దగ్గరికి?"

నాకు సిగ్గేసింది. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. అందరి చేతా ఇప్పించడం అలవాటై, ఇవ్వకపోయినా మనదే అయినవి కొన్ని ఉంటాయని మరిచిపోయాను.

ఆమె ఇంకో కాయ తీసుకుంది. "ఆర్చి మీద ఏం రాయిస్తారంటండి?"

"ఇంకా అనుకోలేదండీ."

"ముందు రాసి, సంతకం పెట్టి పంపమనండి. చదివి చెప్తాం. ఎవరి కాలం నుంచి ఉన్న దారో అది కూడా రాయమనండి. మా మావగారు పోయినప్పుడు ఆ ధనరాజు గారి నాన్నగారు ఆ దారినే పెట్టె వెనక నడిచేరు. పెద్దింటోళ్లు, చిన్న దానం చేస్తే బాగోదు కదండి," అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా. నాకు సగం అర్థమయ్యేసరికి ఆమె పెదవి చివర నవ్వు కనపడింది.

కృపారావు గారు ఎవర్నీ మోసం చేయరు. "ఆయన ఏ కాగితం ఇచ్చినా అది కేసు ఫైల్లోకి వెళ్తుందని ముందే చెప్పు," అని పంపారు. వెళ్లి అదీ, సత్యవతి గారు రాయమన్నదీ చెప్పాను. కేసు తీయలేదని, చదివాకే చెప్తారని కూడా చెప్పాను. ధనరాజు గారు అప్పుడు తన పేరుకి ముందు 'దానశీలి' బాగుంటుందా, 'దయార్ద్రహృదయులు' బాగుంటుందా అన్న ఆలోచనలో ఉన్నారు.

"పెట్టుకోండి, ఫైల్లో కూడా పెట్టుకోండి. అక్కడ మాత్రం నా పేరు ఉండొద్దేంటండి?"

మూడో రోజున వచ్చింది, లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో సహా. 'మా తండ్రిగారి కాలమునకు పూర్వము నుండి పేట ప్రజలు శ్మశానమునకు నడిచిన ఈ దారి, చెరువు గట్టు నిమిత్తము నాలుగేళ్లు మూసివేయబడి ఉండగా, దయార్ద్రహృదయులు శ్రీ ధనరాజు గారు తిరిగి ప్రజలకు దానము చేసినారు.'

కృపారావు గారు మూడుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "పింకీ, కింద జెరాక్సు తీయించు," అన్నారు.

"ఎన్నండీ?"

"వాడి ఇంకు అయిపోయేదాకా."

వాయిదా రోజున అవతలి లాయరు మళ్లీ దారే లేదన్నాడు. కృపారావు గారు కాగితం అందించారు. ఆర్డీవో గారు చదివి, చెరువు ఎవరి పేరున ఉందో ఆవిడనే నిలబెట్టి అడిగారు, ఈ సంతకం ఎవరిదని.

"మావారిదేనండి. ఇలాంటివి ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయండి," అంది వెంకటలక్ష్మి గారు.

"అక్కడ దారి ఉండేదా?"

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసింది. తర్వాత మళ్లీ చూడలేదు. "ఉండేదండి," అంది.

గేటు పదిహేను రోజుల్లో తీసేయాలని ఆర్డర్ వచ్చింది. మెట్ల దగ్గర ధనరాజు గారు నన్ను పట్టుకున్నారు. "నా మంచితనాన్ని వాడేసుకున్నారండి!"

"ముందే చెప్పాను కదండీ. మీ పేరు ఆర్డర్లో కూడా ఉంది, రెండు చోట్ల."

"రెండు చోట్లా?" అన్నారాయన, కోపం మధ్యలోనే.

దారి తెరిచిన రోజున పేటంతా వచ్చింది. ధనరాజు గారు ఆర్చి కట్టిస్తానన్న చోట రెండు సరుగుడు కర్రలు పాతి, రేకు బోర్డు ఒకటి కట్టారు. పేటలో ఇంటికి కొంత వేసుకుని రాయించారట. అలవాటు చొప్పున నేను పైకి చూశాను.

'శ్మశానానికి దారి. దాతలు: ఎవరూ లేరు.'

"బోర్డు ఎలా ఉందండి?" అంది సత్యవతి గారు పక్కన నిలబడి.

"మా ఆఫీసులో చెప్పకండి. నా ఉద్యోగం పోద్ది," అన్నాను.

ఆమె నవ్వింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరికీ దణ్ణం పెట్టకుండా, ఆ గట్టు మీదుగా ఆనందరావు గారి దగ్గరికి నడిచి వెళ్లింది.