మడత సీటు ఎవరిది

ఓపల్ బ్రెక్కె మేనల్లుడు షికాగోలో కొళాయిల పని చేస్తాడు. వాడు చెప్పాడని ఓపల్, ఓపల్ చెప్పిందని చర్చి కింది గదిలో కాఫీ కాచే ఆడవాళ్ళు, వాళ్ళు చెప్పారని విత్తనాల షాపు వర్లిన్ అనుకుంటున్న మాట ఏమిటంటే, మారిట్ క్వామ్మెకు షికాగోలో ఇంకో కాపురం ఉందట. ఒక్క మగాడితో అయితే పోనీలే అనుకోవచ్చు. అక్కడ ఒకే ఇంట్లో పదిమంది ఉన్నారట. మేనల్లుడు స్నానాల గది బాగుచెయ్యడానికి పోయినప్పుడు మారిట్ వట్టికాళ్ళతో వంటింట్లో నిలబడి గుడ్లు వేయిస్తోందట. బల్ల దగ్గర ఇద్దరు మగాళ్ళు బనీన్లతో కూర్చుని ఆవలిస్తున్నారట. వాడి యాస వినగానే ఆమే పలకరించి, నువ్వు మా వైపు వాడివే కదూ అని, వాడికీ రెండు గుడ్లు పెట్టిందట. తప్పు చేసే మనిషి అంత నిబ్బరంగా గుడ్లు పెడుతుందా అని ఎవరో అంటే, ఆ నిబ్బరం ఉండబట్టే కదా ఇన్నేళ్ళు నడిపించింది అని ఓపల్ తేల్చేసిందట.

ఊరంతా తిరిగిన మాట చివరికి మారిట్ మొగుడు లోవెల్ దగ్గరికి వచ్చింది. అతను పొద్దుతిరుగుడు పంట వేసే రైతు. తుంటి ఎముక మార్పించుకున్నప్పటి నుంచి నడక నెమ్మదించింది గాని నాలుక నెమ్మదించలేదు. ఇంటికొచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ, వర్లిన్ చెప్పినదంతా ఒక్క ముక్క వదలకుండా పెళ్ళానికి అప్పజెప్పాడు. మారిట్ పెనం మీద లెఫ్సె రొట్టె తిప్పుతూ విన్నది.

"పదిమంది కాదు, పద్నాలుగు మంది. ఓపల్‌తో లెక్క సరిచేయించు," అంది.

"వాళ్ళలో వంటొచ్చిన వాడెవడన్నా ఉన్నాడా?"

"ఒక్కడూ లేడు."

"అయితే నాకేం భయం లేదు," అని లోవెల్ రొట్టె అందుకున్నాడు.

ఆ ఇంటి సంగతి ఇద్దరికీ తెలిసిందే. మారిట్ విమానం నడిపే కెప్టెన్. కంపెనీ ఆమెకు కేటాయించిన బేస్ షికాగో. ఏ డ్యూటీ అయినా అక్కడే మొదలవ్వాలి, అక్కడే ముగియాలి. ఇల్లేమో ఉత్తర డకోటాలో, మైనాట్ ఊరవతల, మొగుడి పొలం గట్టున. ఇలా దూరాభారం నుంచి వచ్చే పైలట్లందరూ కలిసి విమానాశ్రయం పక్కన ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, మంచం మీద మంచం వేసుకుని, డ్యూటీకి ముందొక కునుకు, వెనకొక కునుకు తీస్తారు. ఫ్రిజ్జులో గుడ్ల అట్టల మీద కూడా ఎవరి పేరు వాళ్ళు రాసుకుంటారు. మారిట్ తన అట్ట మీద 'అడిగి తీసుకోండి' అని రాసేది. అందుకే ఆమె గుడ్లు ముందుగా అయిపోయేవి.

ఇంటి నుంచి బేస్‌కు వెళ్ళడం మాత్రం ఎవరి తిప్పలు వాళ్ళవే. షికాగో నుంచి కంపెనీ ఎక్కడికి పంపినా టికెట్టు, హోటలు, తిండి అన్నీ కంపెనీవే. ఆ షికాగో చేరేదాకా పైసా రాదు. ఏటా డెన్వర్లో శిక్షణ ఉంటుంది. మైనాట్ నుంచి డెన్వర్‌కు సరాసరి విమానం ఉంది. అయినా మారిట్ ముందు తన పాట్లేవో తను పడి తూర్పున షికాగో చేరాలి. అక్కడ కంపెనీ ఇచ్చిన టికెట్టుతో మళ్ళీ పడమరకు డెన్వర్ పోవాలి. ఒకసారి ఆఫీసుకు ఫోన్ చేసి, మైనాట్ నుంచే టికెట్టు ఇప్పిస్తే మీకే చవక కదమ్మా అని అడిగింది. ఫోన్లో అమ్మాయి ఎంతో మర్యాదగా, మీ ఇల్లు ఎక్కడుందో మాకు తెలియదండీ, మాకు తెలిసిందల్లా షికాగోనే అని చెప్పింది. యూనియన్ వాళ్ళు ఒప్పందం మాట్లాడినప్పుడల్లా ఈ టికెట్ల సంగతి ఎత్తుతారు. కంపెనీ వాళ్ళు ఈసారికి కానివ్వండి, వచ్చేసారి చూద్దాం అంటారు. ఆ వచ్చేసారి మారిట్ తల నెరిసినా రాలేదు.

టికెట్టు లేని పైలట్లకు దిక్కు రెండే. ప్రయాణికులు కూర్చోగా మిగిలిన సీటు ఒకటి. అదీ లేకపోతే కాక్‌పిట్లో, ఇద్దరు పైలట్ల వెనక, గోడకు ఉండే మడత సీటు. దాన్ని ఎవరూ కొనలేరు, అమ్మలేరు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నా సరే, తలుపు దగ్గర నిలబడి, కెప్టెన్, నన్ను తీసుకెళ్తారా అని నోటితో అడగాలి. చేతిలో సిబ్బందికి ఒక చాక్లెట్ల సంచి ఉండాలి. కెప్టెన్ తలూపితేనే లోపల అడుగు. విమానం కంపెనీది గాని ఆ సీటు మాత్రం కెప్టెన్ మాట మీద నడిచేది. ఒకే కంపెనీ పైలట్లు ఇద్దరు వస్తే పాతవాళ్ళది ముందు వంతు. రాసి పెట్టినా పెట్టకపోయినా ఈ మర్యాద పైలట్లలో ఎవరూ తప్పరు.

కంపెనీ ఒక్క దయ చూపింది. ఖాళీ ఉన్న విమానాలు రెండు చూసుకుని బయల్దేరి, రెండింట్లోనూ చోటు దొరక్కపోతే, డ్యూటీ తప్పినా తప్పు కింద రాయరు. ఇక వేరే ఏ కారణమైనా తప్పే. ఏడాదిలో మూడు తప్పులైతే విచారణ. మారిట్ పేరు మీద అప్పటికే రెండున్నాయి. ఒకసారి మైనాట్ దారిలో జింక అడ్డం వచ్చి కారు ముందు భాగం పచ్చడైంది. విమానాలకే గాని జింకలకు మినహాయింపు లేదన్నారు. రెండోసారి లోవెల్ తుంటి ఆపరేషన్ రోజున, ఆస్పత్రిలో కూర్చుని మొదటి విమానం వదిలేసి, ఒక్కదాన్నే నమ్ముకుంది. ఆ ఒక్కటీ మంచులో ఆగిపోయింది.

మూడోది జనవరిలో వచ్చింది. కారు ఇంజను గడ్డకట్టకుండా కరెంటు వైరు తగిలించి ఉంచే చలి. పొద్దున విమానంలో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కాని ఎదురుగాలికి ఇంధనం ఎక్కువ పోసుకోవలసి వచ్చింది, బరువు సరిపోక ఊరికే వచ్చేవాళ్ళను దించేశారు. మారిట్ సరేనని పక్కకొచ్చి కూర్చుంది. తరవాతి విమానం పూర్తిగా నిండింది, కాక్‌పిట్లో మడత సీటు ఒక్కటే మిగిలింది. గేటు దగ్గర అమ్మాయి జాబితా చూసి మారిట్‌ను పిలిచింది.

అప్పుడు కనిపించింది యెసేనియా ఒల్గీన్. అదే కంపెనీలో కొత్తగా చేరిన పిల్ల. మొగుడు మైనాట్ వైమానిక స్థావరంలో ఉద్యోగి కాబట్టి కాపురం ఇక్కడ. పొద్దున విమానం నుంచి ఆమెనూ దించేశారు. మారిట్ పేరు పిలవగానే నోరెత్తకుండా తన చాక్లెట్ల సంచి తెచ్చి మారిట్‌కు అందిస్తూ, మీకు పనికొస్తాయి, నేను మళ్ళీ కొనుక్కుంటాను అంది. మారిట్ సంచి తీసుకోలేదు. ఈ సాయంత్రం డ్యూటీ ఉందా అని అడిగింది. ఉందంది. చేరి ఏడాదైందా అని అడిగింది. ఇంకా కాలేదంది.

ఏడాది నిండని పైలట్‌కు యూనియన్ అండ లేదు, రెండు విమానాల మినహాయింపూ లేదు, విచారణ లేదు, చెప్పుకునే చోటు లేదు. ఒక్కసారి రాకపోతే రేపటి నుంచి రావద్దంటారు. నన్నయితే కూర్చోబెట్టి అడుగుతారు, దీన్ని అడగను కూడా అడగరు, అనుకుంది మారిట్. గేటు అమ్మాయితో తన పేరు కిందికి దించి ఆ పిల్ల పేరు పైకి రాయమంది. కంపెనీకి ఫోన్ చేసి, నేను రాలేను, వేరే కెప్టెన్‌ను చూసుకోండి అని చెప్పింది. ఇంటికి వచ్చేసరికి లోవెల్ మాంసం, బంగాళాదుంపలు కలిపిన హాట్‌డిష్ పొయ్యిలో పెట్టి ఉంచాడు. సంగతి చెబితే, మంచి పని చేశావు గాని ఖరీదైన పని చేశావు అన్నాడు.

విచారణ ముందు యూనియన్ తరఫున ఫెలిక్స్ రుడ్నిక్ కలిశాడు. ఎన్నో విచారణలు చూసిన మనిషి. అతను దారి ముందే వేసిపెట్టాడు. ఏమీ కల్పించక్కర్లేదు మారిట్, సీటు నిండిపోయింది అని ఒక్క మాట చెప్పు, నిండిన మాట నిజమే కదా, ఎవరితో నిండిందని వాళ్ళు అడగరు, అడగడం తెలియదు కూడా, అన్నాడు. మారిట్ కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. దిగేటప్పుడు చక్రాలు కాస్త గట్టిగా తగిలితే, వెనక ఒక్క ప్రయాణికుడికీ తెలియకపోయినా నేనే చెప్పి మెకానిక్కులకు విమానం చూపిస్తాను ఫెలిక్స్, అలా చెప్పమనే కదా మనకు నేర్పారు అంది. ఫెలిక్స్ నిట్టూర్చి, చక్రాలు నీ ఉద్యోగం పీకవు అన్నాడు.

చీఫ్ పైలట్ కర్ట్ డెన్‌హార్ట్ ఒకప్పుడు మారిట్ పక్క సీట్లో కో-పైలట్‌గా కూర్చున్నవాడే. మంచివాడు. బల్ల వెనక్కి చేరాక మంచితనాన్ని పైవాళ్ళను అడిగి ఇవ్వడం నేర్చుకున్నాడు. అతని పక్కన సిబ్బంది వ్యవహారాలు చూసే ఒకావిడ కూర్చుంది. మారిట్ మొదటి విమానం నుంచి చివరి దాకా జరిగింది జరిగినట్టు చెప్పింది. సీటు వచ్చిందని, తను తీసుకోలేదని, ఎవరికిచ్చిందో అదీ చెప్పింది. ఆ పిల్ల అడగలేదు, నేనే ఇచ్చాను, ఆమె పేరు ఇందులో తప్పు కింద రాయొద్దు అంది. ఫెలిక్స్ కళ్ళు మూసుకున్నాడు.

కర్ట్ పక్కనున్న ఆవిడ అర్థం కానట్టు, టికెట్టు కొనుక్కుని రావచ్చు కదా అని అడిగింది. నిండిన విమానంలో కొనడానికి సీటేది అన్నాడు కర్ట్, మారిట్ కంటే ముందు. తరవాత గొంతు సర్దుకుని అసలు సంగతికొచ్చాడు. మూడు తప్పులు తప్పులే. ఉద్యోగం పోయే వ్యవహారం. అయితే ఒక మార్గం ఉంది. వసంతం లోపల బేస్ దగ్గరికి, కారులో వచ్చేంత దూరానికి ఇల్లు మార్చుకుంటానని రాసిస్తే ఈ కేసంతా కొట్టేస్తానన్నాడు. సామాను తేవడానికి లారీ ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది.

లోవెల్ తాత కొన్న పొలాన్ని ఏ లారీలో ఎక్కించాలో మారిట్‌కు తోచలేదు. నాకు షికాగోలో ఇల్లుంది కర్ట్, పద్నాలుగు మంది మొగుళ్ళు కూడా ఉన్నారు, మా ఊళ్ళో ఎవర్నైనా అడుగు అంది. కర్ట్ నవ్వాపుకోలేకపోయాడు. ఫెలిక్స్ కూడా నవ్వాడు. ఆవిడ మాత్రం రాసుకోవాలో వద్దో తెలియక కలం పట్టుకుని చూసింది.

నవ్వుతో గది కాస్త వదులైంది. కర్ట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఈసారి గొంతు పాత కో-పైలట్ గొంతులా ఉంది. పొద్దున విమానం నుంచి కంపెనీయే దించేసింది కాబట్టి ఈ మూడోదాన్ని తప్పు కింద రాయకుండా చూస్తానన్నాడు. ఇల్లు మార్చక్కర్లేదు. రాసివ్వక్కర్లేదు. ఒక్క మాట చాలు.

"ఇంకోసారి ఆ సీటు నీ వంతుకు వస్తే కూర్చుంటానని చెప్పు. అంతే."

ఫెలిక్స్ బల్ల కింద ఆమె బూటును తన బూటుతో నొక్కాడు. ఊఁ అంటే అయిపోతుంది, సాయంత్రం విమానానికి ఇంటికి పోవచ్చు. మారిట్‌కు అది తెలుసు. ఉద్యోగం పోతే పొద్దుతిరుగుడు పంట ఒక్కటే ఆ ఇంటిని మొయ్యలేదని కూడా తెలుసు. కాని ఊఁ అన్నాక ఇంకో యెసేనియా చాక్లెట్ల సంచితో నిలబడితే, తను ఆమెను దాటుకుని లోపలికి పోవాలి. నోటితో అడిగి, తోటి కెప్టెన్ తలూపితే దొరికే సీటు మీద, పైసా పెట్టని కంపెనీ పెత్తనం వచ్చి కూర్చుంటుంది.

"ఆ మాట ఇవ్వలేను కర్ట్," అంది మెల్లగా. "ఆ సీటు నాకు కంపెనీ ఇచ్చింది కాదు."

కలం పట్టుకున్నావిడ తల ఎత్తింది. "అంటే, మళ్ళీ ఇలాగే చేస్తానంటారా?"

"చేస్తాను. నా టికెట్టు మీరు కొన్న రోజున మానేస్తాను."