ఎస్తేరు మింగిన అరుపు

కాన్పుల గదిలో ఎస్తేరు సిస్టర్ "ముక్కమ్మా, ముక్కు!" అని అరిచినప్పుడల్లా ఎదురుగోడ జానెడు చిరుగుతుంది. ఇరవయ్యారేళ్ళుగా ఇంతే. ఆయా సింహాచలం దబ్బనంతో కుట్టేస్తుంది.

"సిస్టరమ్మ గొంతుకి నా దబ్బనాలరిగిపోతన్నాయి," అంటుంది, దారం పంటితో తెంపుతూ.

ట్రైనింగివ్వడానికొచ్చిన డాక్టర్ హైమావతి ఆ కుట్లు తడిమి చూస్తుంది. "గోడకి మత్తిచ్చారా?"

"ఆడోల్లకే ఇవ్వం. గోడకేటమ్మా!"

హైమావతి నవ్వదు. రబ్బరు బొమ్మ మీద ఎస్తేరుకి కాన్పు చేసి చూపిస్తుంది. బిడ్డ తల కనబడగానే ఎడమ చెయ్యి తల మీద, ఒక్కసారిగా దూకకుండా. కుడి చెయ్యి కింద, చర్మం చిరగకుండా ఆసరా. అరుపు అసలే వద్దు.

మధ్యాహ్నం పైడితల్లి నొప్పులతో వస్తుంది. బల్లెక్కుతూనే ఎస్తేరు మణికట్టు పట్టుకుంటుంది.

"తొలికాన్పుకి నీ సేతిలోనే సిరిగిపోనాను సిస్టరమ్మా. అయిదేల్లయింది. తుమ్మితే తడిసిపోతాను. పెల్లిల్లకెల్లడం మానేసినాను. ఈపాలి కూడా సిరిగితే నా మొగుడు ఏలుకోడు."

తల కనబడుతుంది. ఎస్తేరు చేతులు రెండూ చెప్పిన చోటే ఉన్నాయి. గొంతులో మాత్రం అరుపు లేస్తుంది, పనసకాయంత. ఆమె పళ్ళు బిగిస్తుంది.

"ముక్కొద్దు తల్లీ. నోటితో ఊదు."

తల బియ్యపు గింజంత ముందుకొచ్చి ఆగుతుంది. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య, కిటికీ అవతల వరి పొట్టకొచ్చి, కోతకొచ్చి, కుప్పలవుతుంది. ఎస్తేరు అరుపును మింగేస్తుంది. అది రెండు పక్కటెముకలు విరుచుకుని కిందికి దిగుతుంది.

బిడ్డ పుడుతుంది. హైమావతి దీపం పట్టి చూస్తుంది. "ఎక్కడా చిరగలేదు."

పైడితల్లి చేత్తో తడిమి చూసుకుంటుంది. "ఇంతేనా? మరి పెద్దదానప్పుడు ఇలాగెందుకు సెయ్యనేదు?"

"అప్పుడు తెలీదమ్మా."

"ఇప్పుడు తెలిసింది కదా. పెద్దదాన్ని మల్లీ కంటాను."

అందులో తప్పేమీ కనబడదు ఎస్తేరుకి. తలుపు తెరుస్తుంది. అయిదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. దాని వెనక వరండా పొడవునా ఆడవాళ్ళు, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ. ఒక్కొక్కరూ తమ బిడ్డను చెయ్యి పట్టి తెచ్చారు. ఎవరూ తోసుకోరు.

"అందరూ మీ చేతి కాన్పులే," అంటుంది హైమావతి, కొత్త గ్లవ్స్ అందిస్తూ.

అందరికన్నా ముందు ఎస్తేరు చేతిలో కన్నామెకు పైడితల్లి బల్ల ఖాళీ చేస్తుంది. ఆమె బల్లెక్కుతుంది. ఆమె కొడుకు కానిస్టేబుల్. బూట్లు విప్పి, మోకాళ్ళు గడ్డానికి చేర్చి, కళ్ళు మూసుకుంటాడు.

ఎస్తేరు ఎడమ అరచేతికి మొదట తగిలేది అతని పాపిడి. తడిగా, వెచ్చగా ఉంది. మీసాల దాకా రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.