దిగని తెరచాప

1949 మే నెలలో ఒక మధ్యాహ్నం, హాంకాంగ్ దగ్గరి చెంగ్ చౌ దీవికి దక్షిణాన, వానగాలి కొట్టినప్పుడు ఫోంగ్ యౌఫుక్ పడవ తెరచాప కిందికి దిగలేదు.

ఆ చాప కుట్టింది క్వోక్ ముయ్. అంతకుముందు ఏడాది తుఫానులో ఆమె తమ్ముడు షింగ్ పడవ తెరచాప కొయ్య విరిగింది. ఫోంగ్ తన పడవకి తాడు కట్టి దాన్ని లాగుతూ, గాలి పెరగగానే ఆ తాడు కోసేశాడు. షింగ్ మళ్ళీ రాలేదు. ముయ్ చేత చాప కుట్టించుకుంటే ఊరి నోళ్ళు మూతపడతాయని ఫోంగ్ ఆమె దగ్గరికే వచ్చాడు.

"అందరికంటే ఎత్తుండాలే ముయ్యీ. తమ్ముడి సంగతి ఇంకా మనసులో పెట్టుకోకు. గాలి తీసుకుపోయింది వాణ్ణి."

"గాలి చేతిలో కత్తుంటుందని నాకు తెలీదు బాబాయ్. కొలతలు చెప్పు."

ఆమె గుడ్డను చాపలకి రంగు పట్టించే దుంపరసంలో నానబెట్టి ఎండేసింది. అడ్డంగా వెదుర్లు కట్టింది. ఇలాంటి చాపకి ప్రాణమంతా దిగడంలో ఉంది. పైకెత్తే మోకు వదిలితే అరలు అరలుగా దానంతటదే మడతపడి కూర్చోవాలి. అందుకు ఒక్కో వెదురునీ కొయ్యకి పట్టి ఉంచే ఉచ్చులు నునుపుగా జారాలి. వాటికి నూనెలో నానిన తాడే వాడతారు. ముయ్ కొత్త జనుము తాడు తెచ్చింది. దానికి నూనె చూపించలేదు. పాతదిగా కనబడేలా పైపైన దుంపరసం పూసి, వేలు దూరేంత సందు ఉంచి కట్టింది. తడిస్తే జనుము బిగుస్తుంది.

పంచాంగం చూసి, వాన లేని రోజున చాప ఎత్తారు. అగరొత్తులు వెలిగించారు, కాల్చిన పందిని పెట్టారు. చాప లేచింది. మడత విసనకర్ర మూసినట్టు దిగింది.

"ఓసారి నీళ్ళు కొట్టి చూద్దామా?" అన్నాడు చుక్కాని పట్టే కావ్.

"పూజనాడు కొత్త చాప మీద నీళ్ళా? నా పడవ ముంచడానికే పుట్టావురా?" అని ఫోంగ్ అతని నెత్తిన మొట్టాడు. అందరూ నవ్వారు. దీవిలో ఎవరూ ఆ పని చెయ్యరు. ముయ్‌కి ఆ సంగతి తెలుసు.

ఫోంగ్ కోడలు పిల్లాణ్ణి వీపున కట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళ కాపురమంతా పడవలోనే.

"కోడల్నీ పిల్లాణ్ణీ నా దగ్గర దింపు బాబాయ్. దగ్గుతున్నాడు వెధవ. పొడి నేల మీద పడుకోనీ."

"తిండి నీదేనా?"

"నాదే."

"అయితే నన్నూ దింపుకో!"

"నిన్ను మోసే నేల నాకెక్కడిది బాబాయ్?"

పడవలో ఫోంగ్, అతని కొడుకు, కావ్, ఒక కూలీ మిగిలారు. షింగ్ పడవ తాడు కోసిననాడు ఉన్న మగవాళ్ళూ ఆ నలుగురే.

ఆ మే మధ్యాహ్నం వాన మొదలైనప్పుడు ముయ్ గుమ్మంలో కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. రేవులో చాపలన్నీ దిగాయి.

"అక్కా, మావాళ్ళూ దించేసి ఉంటారు కదూ?" అంది కోడలు.

"గంజి చల్లారిపోతోంది. పిల్లాడికి పట్టు."

జరిగింది పక్క పడవవాళ్ళు చూశారు. మోకు వదిలినా చాప కదల్లేదు. ఫోంగ్ కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని కొయ్య ఎక్కాడు. రెండు ఉచ్చులు కోశాడు. మూడోది అందుకునేలోపు పడవ పక్కకి ఒరిగిపోయింది.

తేలివచ్చిన కొయ్యా చాపా ఒడ్డున బాగా ఎండాక రేవు అధికారి పరీక్షించాడు. మిగిలిన ఉచ్చులు జారాయి. చాప పనిలో లోపం లేదని రాశాడు.

మూడు శవాలు ఒడ్డుకి చేరాయి. భర్తని కోడలు గుర్తుపట్టింది. ఫోంగ్ శవం దొరకలేదు.