వీరన్న కట్టిన చక్రాలు

రోజారమణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: మొగుడు ఎల్లారావు తమ కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని కొండ దిగుతుండగా సైకిలు ఆగకపోవడం.

సముద్రమంటే ఆమెకి అంత భయం లేదు. పుట్టిందీ మెట్టిందీ ఒడ్డునే. వేటకెళ్ళిన మనిషి పొద్దుగూకేలోపు రాకపోతే ఎవరిని పిలవాలో, ఎటు వెతకాలో ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. యారాడ కొండ సంగతి అలా కాదు. ఊళ్ళోంచి పైకెక్కడం కష్టమే గానీ కాళ్ళ నొప్పితో పోతుంది. అవతలి వైపు దిగడమే ప్రాణం మీది పని. మలుపు వెనక మలుపు, ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ ఉండదు.

ఎల్లారావు ఆటోనగర్లో వెల్డింగు పని చేస్తాడు. అతని మోటారు సైకిల్ని ఉప్పుగాలి తినేసింది. నిరుడు శ్రావణంలో చాసిసు పుటుక్కున విరిగి బండి రెండు ముక్కలైంది. అప్పట్నుంచీ అతను దొరికిన ఆటో పట్టుకుని పనికెళ్తున్నాడు. అయిదేళ్ళ దేవి బడి కూడా కొండ అవతలే. బడి ఆటోవాడు కొండెక్కితే ఇంజను పోతోందని దసరాకి ముందే రావడం మానేశాడు. దేవిని బడి మాన్పించమని అత్త కాసులమ్మ అంది. రోజారమణి ఒప్పుకోలేదు. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా తననీ ఇలాగే, నాలుగు రోజులే కదా అని మాన్పించారు. ఆ నాలుగు రోజులూ ఇంకా అయిపోలేదు.

అందుకే, ఏదో ఓడ నుంచి దిగిన తుక్కులో దొరికిందని ఎల్లారావు పాత గేరు సైకిలు ఫ్రేము ఒకటి భుజాన వేసుకొచ్చినప్పుడు, ఆమె వద్దనలేదు. చక్రాల్లేవు, బ్రేకుల్లేవు. కొండలెక్కడానికే చేసిన సైకిలట. గొట్టాలు ఉక్కువే గానీ ఒంటి చేత్తో ఎత్తొచ్చు.

కాసులమ్మ గుమ్మంలో కూర్చుని చేపల బుట్ట కడుగుతూ చూసింది. "పెద్దోడు ఇంజను బోటు కొన్నాడు. సిన్నోడు సక్రాల్నేని సైకిలు తెచ్చినాడు. ఇంకేటి, ఒడ్డంతా మన గురించే," అంది.

"సక్రాలు ఏయిత్తానే అమ్మా. ఏయించాక నిన్నే ముందు ఎక్కిత్తాను," అన్నాడు ఎల్లారావు.

"నానెందుకురా ఎక్కడం. ఎలాగూ మోసుకెలతారు కదా నలుగురూ, అప్పుడెక్కుతాన్లే."

వన్ టౌన్లో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో వీరన్న సైకిలు కొట్టు. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. చక్రం కట్టేటప్పుడు స్పోకుల్ని వేలితో మీటి, చప్పుడు విని, ఏది వదులుగా ఉందో ఏది బిగిసిందో చెప్పేస్తాడు. ఎల్లారావు ఫ్రేమునీ పెళ్ళాన్నీ పిల్లనీ వెంటబెట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాడు.

"డిస్కు బ్రేకులెయ్యి బాబాయ్. ఇప్పుడందరూ అవే ఏత్తన్నారు."

వీరన్న ఫ్రేముని అటూ ఇటూ తిప్పాడు. "డిస్కు బిగించడానికి దీనికి సెవేదిరా, బోల్టు పట్టే రేకు?"

"సెవి నాను ఎల్డింగు సేసేత్తాను. రోజూ సేసే పనే కదా."

"సేత్తావు. నీ పని గేట్లకీ గ్రిల్లులకీ. ఇది సూడు, కాయితం లాంటి గొట్టం. నువ్వు కాల్చిన కాడ బలం పోతాది. ఆ ముందు ఫోర్కు కూడా డిస్కుకి సేసింది కాదు. దిగువలో గట్టిగా పట్టినావనుకో, సక్రం ఆగుతాది, ఫోర్కు ఒంగిపోద్ది. నువ్వు మాత్రం ఆగవు."

రోజారమణి చంకలోని దేవిని కిందికి దించింది. "మరి ఏది ఏత్తే ఆగుతాది మావయ్యా?"

"అదిగో, అలాగడుగు." వీరన్న లేచి అల్మారాలోంచి రెండు చేతుల్లాంటి బ్రేకు తీశాడు. ఫ్రేము మీద ముందే ఉన్న రెండు మేకులు చూపించాడు. "దీనికి పుట్టుకతో ఉన్నవి ఇవి. ఈ సేతులు రెండూ రిమ్ముని ఇటూ అటూ పట్టేసుకుంటాయి. పాత పద్ధతే. కొండక్కూడా పనికొత్తాది."

"వానొచ్చినా?"

"ఇనప రిమ్మైతే వానలో జారతాది. అల్యూమినియం రిమ్మెయ్యాలి. ముప్పై ఆరు స్పోకులు. పిల్ల బరువు కూడా ఉందిగా."

"ముప్పై రెండైతే?" అన్నాడు ఎల్లారావు.

"నీ ఒక్కడికైతే పదారు సాలు. సన్నగానే ఉన్నావు."

రోజారమణి మళ్ళీ అడిగింది, రబ్బరు అరిగితే ఎలా తెలుస్తుందని. తీగ తెగితే రెండో బ్రేకు ఒక్కటే ఆపుతుందా అని. రిమ్ముల సంగతి మూడోసారి అడిగేసరికి ఎల్లారావు నెత్తి కొట్టుకున్నాడు. "బాబాయ్, ఈవిడ స్టీలు ప్లాంటు ఇంజినీరు. సంతకం పెట్టందే సైకిలు కదలదు."

"అడగనీరా. నీలాంటోళ్ళు అడక్కుండా ఎలిపోతారు, పది రోజులకి బెండు తీయమని వత్తారు."

వీరన్న చెప్పినట్టే అయింది. పాత పద్ధతి బ్రేకులు, అల్యూమినియం రిమ్ములు. రెండు రోజులకి సైకిలు తయారైంది. వీరన్న వెనక చక్రం గాల్లోకి లేపి తిప్పి, బ్రేకు పిడి ఆమె చేతికిచ్చాడు. "నువ్వు పట్టు తల్లీ. నీ సేత్తో ఆపు."

ఆమె పట్టింది. చక్రం ఠక్కున నిలబడిపోయింది. ఇంకోసారి తిప్పించుకుని పట్టింది. నవ్వొచ్చింది ఆమెకి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత మధ్యలో మెలకువ లేకుండా నిద్రపోయింది.

ఎల్లారావు ముందు గొట్టానికి చిన్న సీటు చేసి బిగించాడు. దేవి అందులో కూర్చుని బడికి వెళ్ళొచ్చింది. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. కొత్త తీగలు సాగుతాయి, ఓసారి తీసుకురమ్మన్నాడని శనివారం మళ్ళీ వీరన్న దగ్గరికి తీసుకెళ్తే, తీగలు బిగించి, రబ్బర్లు సరిచేసి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం రోజారమణి ఇంట్లో ఇనప సామాను తుడవడానికి కూర్చుంది. ఒడ్డున ఏ ఇంట్లోనైనా ఉండే పనే అది. బోటు ఇంజన్లోంచి తీసిన పాత నూనె డబ్బాలో ఒక గుడ్డ నానుతూ ఉంటుంది. లంగరు, కత్తిపీట, గొలుసు, తలుపు గెడ, అన్నిటికీ వారానికోసారి ఆ గుడ్డ పెట్టాలి. పెట్టకపోతే ఉప్పుగాలికి ముందు నల్లబడి, ఆపైన ఎర్రబడి, పొరలు పొరలుగా ఊడిపోతాయి. ఆమె అమ్మ అలాగే చేసింది, అత్త అలాగే చేస్తోంది.

కత్తిపీట అయ్యాక ఆమె చూపు సైకిలు మీద పడింది. కొత్త రిమ్ముల అంచు చుట్టూ నల్లగా ఏదో పట్టింది. వేలితో రాస్తే వేలికంటింది. మూడు వారాలకే తుప్పు మొదలైందనుకుంది. రెండు ముక్కలైన మోటారు సైకిలు గుర్తొచ్చింది. అది బ్రేకు రబ్బరు అరిగి రాలిన పొడి అని, అల్యూమినియానికి తుప్పు పట్టదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వన్ టౌన్లో రిమ్ముకి నూనె రాసేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి, రాయొద్దని చెప్పాలని వీరన్నకీ తట్టలేదు.

గుడ్డ బాగా ముంచి తీసి, రెండు చక్రాలూ తుడిచింది. ఒక పక్క, రెండో పక్క. ఒక్కో స్పోకూ తుడిచింది. సాయంత్రం ఎల్లారావు వల బాగు చేయడానికి అన్నకి సాయం పోయి వచ్చాడు. తుడిచానని అతనితో అనలేదు. వాకిలి ఊడ్చానని ఎవరైనా చెబుతారా?

సోమవారం పొద్దున్న దేవికి రెండు జడలు వేసి, డబ్బా సంచిలో పెట్టి సీట్లో కూర్చోబెట్టింది. ఇంటి ముందు ఇసుక దారి, అక్కడ్నుంచి ఎగువే. బ్రేకుతో పని లేదు. మొదటి మలుపు దాకా ఆమె చూస్తూ నిలబడింది.

గంటలోపే ఫోనొచ్చింది.

కొండ అవతల దిగుతూ రెండో మలుపు దగ్గర ఎల్లారావు బ్రేకులు పట్టాడు. సైకిలు ఆగలేదు. ఎదురుగా లారీ వస్తోంది. లోయ వైపు పోకుండా సైకిల్ని కొండ రాతికేసి పడేసి, పిల్ల మీద పడకుండా తన ఒళ్ళు అడ్డం పెట్టాడు. దేవి గడ్డిలో పడింది. ఎడమ చెయ్యి విరిగింది. ఎల్లారావుకి తుంటి ఎముక చితికిపోయింది.

ఆసుపత్రి మంచం మీద అతను మొదట అన్న మాట: "పట్టాను రమణీ. రెండూ పట్టాను. సబ్బు పట్టుకున్నట్టు జారిపోనాది."

రోజారమణి అతని కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. ముక్కుకి ఎక్కడ్నుంచో ఇంజను నూనె వాసన తగిలింది. అది తన చేతుల్లోంచే వస్తోంది. నిన్న ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నల్లగా అలాగే మిగిలిపోయింది. చేతులు కొంగులో దాచుకుంది.

ఆమె నోరు తెరిచేలోపే బావగారు దొరబాబు, ఎల్లారావు అన్న, వార్డులోకి వచ్చాడు. వెనక ముగ్గురు మనుషులు. అందరికీ చెమటలు పట్టి ఉన్నాయి.

"అయిపోనాది. ఆ ముసలోడి పని పట్టేసొచ్చాం," అన్నాడు. "శనివారం బ్రేకులు విప్పినాడు కదా? సోమారం పట్టలేదు. ఇంకేటి కావాలి? సామానంతా కాలవలో పడేసినాం. రెండు తగిలించాను కూడా."

"ఏటన్నాడు?" అన్నాడు ఎల్లారావు కళ్ళు మూసుకునే.

"ఏటంటాడు? సేతులు జోడించేసినాడు. ఈ మజ్జన నా సెయ్యి వణుకుతంది బాబూ, నట్టు బిగించానో నేదో గేపకం నేదు, నా తప్పే అయ్యుంటాది అన్నాడు. ఒప్పేసుకున్నాడు! పాపకెలా ఉంది అనడిగి ఏడిసినాడు, దొంగ సచ్చినోడు."

అప్పుడు చెప్పాల్సింది. వార్డులో అంతమంది ఉన్నారు. ఒక్క మాట. రోజారమణి గ్లాసులో నీళ్ళు పోసి బావగారికి అందించింది.

ఇంటికెళ్ళాక వలల పాకలో పడేసిన సైకిలు చూసింది. నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి. తీగలు తెగలేదు. ముందు చక్రం సొట్టపోయినా ఒక్క స్పోకూ ఊడలేదు. బ్రేకు రబ్బర్లు మాత్రం నూనె తాగి నిగనిగలాడుతున్నాయి.

పది రోజులకి ఎల్లారావుని ఇంటికి తెచ్చారు. ఆ రాత్రి, దేవి నిద్రపోయాక, మొగుడికి చెప్పింది. ఏడవకుండా, మొదట్నుంచీ చెప్పింది. అతను పైకప్పు చూస్తూ విన్నాడు.

"ఇంకెవులికైనా సెప్పినావా?"

"నేదు మావా."

"సెప్పకు. అన్నకి తెలిత్తే ఊరుకోడు. అమ్మ నిన్ను గడప తొక్కనివ్వదు. నాను లేవనేకుండా ఉన్నాను. పిల్లనెవరు సూత్తారు?"

"మరి ఆ మావయ్యో?"

"ముసలోడు. రెండ్రోజులకి మరిసిపోతాడ్లే," అన్నాడు. ఆ మాట అతనికే నమ్మకం లేనట్టు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

దేవి చేతికి కట్టు విప్పిన రోజున రోజారమణి ఆసుపత్రి నుంచి తిన్నగా ఇంటికి రాలేదు. పిల్లతో వన్ టౌన్లో దిగింది. కొట్టు మూసి ఉంది. పక్క కిళ్ళీ బడ్డీ అతన్ని అడిగితే కొట్టు మీది గది చూపించాడు.

"కొట్టు ఎత్తేసినాడమ్మా. మిగిలిన పనిముట్లు కూడా ఎవులికో ఇచ్చేసినాడు. పిల్లనెక్కించే సైకిలికి నట్టు బిగించనేని సెయ్యి ఇంకెందుకంటాడు. కిందికి దిగడు. పెళ్ళాం నేదు, పిల్లల్నేరు. మేం ఓ ముద్ద పంపితే తింటాడు, నేదంటే నేదు. నువ్వేటవుతావు ఆయనకి?"

"ఏటీ అవను," అంది రోజారమణి.

మెట్లెక్కింది. తలుపు వెనక దగ్గు వినిపించింది. దేవి గట్టిగా అడిగింది, "అమ్మా, ఇది సైకిలు తాత ఇల్లేనా?" లోపల దగ్గు ఆగింది. ఎవరో లేవబోయినట్టు మంచం కిర్రుమంది.

ఆమె పిల్ల నోరు మూసి, ఎత్తుకుని, గబగబా మెట్లు దిగేసింది. ఆటో ఎక్కాక చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు.

మళ్ళీ వెళ్ళలేదు. ఎల్లారావు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నాడు. దేవి బడి మానేసింది. దొరబాబు ఎవరు పలకరించినా వీరన్న పేరు చెప్పి తిడతాడు, రోజారమణి ఆ పక్కనే కూర్చుని వింటుంది. రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆమెకి ఒకటే ఆలోచన. ఇవాళ ఆయనకి ఎవరైనా పంపారో లేదో.

కాబట్టి, పని మీద వన్ టౌన్ వైపు వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, హోల్‌సేల్ కొట్ల వెనక సందులోకి ఒకసారి తిరగండి. కిళ్ళీ బడ్డీ పక్కనే మెట్లు. పైన ఒక్కటే తలుపు. తట్టండి, వినబడకపోతే మళ్ళీ తట్టండి. నట్లన్నీ సరిగ్గానే బిగించావు తాతా అని చెప్పండి. రిమ్ములకి నూనె రాసింది రోజారమణి అని చెప్పండి, పేరు చెప్పినా ఫరవాలేదు. అవన్నీ తర్వాత. ముందు ఆ మనిషి తిన్నాడో లేదో, ఎలా ఉన్నాడో కాస్త చూసి రండి.