ఓజెల్లా ఎడమచెయ్యి

ఆఖరి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఓజెల్లా గిలరీ బలంగా అదిమింది. ఆవిరి మొహానికి కొట్టింది. మిగిలిన చొక్కాలు అప్పటికే కిటికీ చువ్వకు వేలాడుతున్నాయి. డ్రమ్ములవాడిది, శాక్సఫోన్ వాయించే టోల్‌ది, గిటార్ ఆల్సీడ్‌ది. బ్యాండు మగాళ్ళ చొక్కాలు బ్యాండు యజమానురాలు ఇస్త్రీ చెయ్యడమేమిటని ఆ ఇంట్లో అద్దెకున్న ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె పట్టించుకునేది కాదు. ఆడది నడిపే బ్యాండు అనగానే హాళ్ళవాళ్ళ కళ్ళు ముందు లోపం కోసమే వెతుకుతాయి. వాయింపులో దొరకదు. చొక్కాల్లోనూ దొరకకూడదని ఆమె పట్టుదల.

ఆ పని అయ్యాక బేసినులో వేడినీళ్ళు పోసి, ఉప్పు కలిపి, చేతులు రెండూ ముంచింది. కుడిది మామూలు ఆడమనిషి చెయ్యే. ఎడమది వేరు. మణికట్టు నుంచి మోచేతి దాకా, రంపపుమిల్లులో దుంగలు దొర్లించేవాడి చెయ్యిలా లావెక్కి నరాలు తేలి ఉంటుంది. ఉంగరపు వేలు మాత్రం కర్రపుల్లలా బిగుసుకుపోయి, మిగతావి ముడుచుకున్నా తాను ముడుచుకోకుండా నిలబడి ఉంటుంది.

ఆమె పుట్టింది టెక్సాస్ తూర్పున, పైన్ అడవుల్లో, రంపపుమిల్లు కూలీల గుడిసెల్లో. అక్కడ సారాయి అమ్మే కొట్టంలో ఒక పాత పియానో ఉండేది. వాయించేవాడు తాగి పడిపోయిన రోజున పదహారేళ్ళ ఓజెల్లా వెళ్ళి దాని ముందు కూర్చుంది. దుంగలు మోసుకుపోయే రైలు చప్పుడు పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉంది. దాన్నే ఎడమచేత్తో వాయించింది. బూగీ-వూగీ అనే పేరు ఆ వాయింపుకు ఉందని ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒకటే. కుడిచెయ్యి ప్రయాణికుడి లాంటిది, ఎక్కడైనా దిగొచ్చు, మళ్ళీ ఎక్కొచ్చు. ఎడమచెయ్యి రైలు. అది ఆగకూడదు.

అలాంటి కొట్టంలోనే ఒక కొట్లాటలో ఎవడో పియానో మూత ఆమె చేతి మీద దభేలున వేశాడు. కొత్తగా గిటార్ పట్టుకుని వచ్చిన ఆల్సీడ్ బాటిస్ట్ అనే కుర్రాడు చుట్టల పెట్టె విరిచి, ఆ చెక్కముక్క కట్టి, వేలు నిలబెట్టాడు. వేలు అతుక్కుంది గాని వంగడం మరిచిపోయింది. అప్పటి నుంచి ఆమె ఎడమచేతి వరసలో ఐదో స్వరం దగ్గర చిన్న ఆలస్యం. ఆ ఆలస్యాన్ని పూడ్చడానికి ఆరోది పరుగెత్తుకుంటూ వస్తుంది. జనం దానికి ఓజెల్లా కుంటినడక అని పేరు పెట్టుకున్నారు. ఆ చోటికి రాగానే నాట్యం చేసేవాళ్ళు నడుము ఒక పక్కకు దించి లేపడం అలవాటు చేసుకున్నారు. బోమాంట్ నుంచి లేక్ చార్లెస్ దాకా ఏ హాలుకు వెళ్ళినా అంతే.

ఆల్సీడ్‌కు ఆ తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, భార్య పోయింది. ఓజెల్లాకు అవేవీ జరగలేదు. బండిలో మాత్రం అతని పక్క సీటు ఎప్పుడూ ఆమెదే.

బయట హారను మోగింది. చొక్కాలు మోచేతి మీద వేసుకుని ఆమె మెట్లు దిగింది. ముందు సీటు తలుపు తీయబోయి ఆగిపోయింది. అక్కడ నల్లటి పెట్టె ఒకటి కూర్చుని ఉంది. ముందు భాగం గుడ్డతో మూసి, వెనక కరెంటు తీగలు చుట్టి ఉన్నాయి.

"అదేంటి ఆల్సీడ్?"

"యాంప్లిఫైయరు, ఓజీ. వెనక పెడితే ఎగిరెగిరి పాడైపోద్దని..." ఆల్సీడ్ స్టీరింగు మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇతను రేఫర్డ్. కరెంటు బేస్ గిటార్ వాయిస్తాడు. ఇవ్వాళ మనతో కలిసి వాయిస్తాడు."

వెనక సీట్లోంచి పొడుగాటి మనిషి టోపీ తీశాడు. పాతికేళ్ళుంటాయి. "మిమ్మల్ని కలవడం నా అదృష్టం, మిస్ ఓజెల్లా. మా అమ్మ మీ పాటలకు డ్యాన్సు చేసేది."

"మీ అమ్మ వయసు గుర్తు చెయ్యకు నాయనా, మంచివాడిలా ఉన్నావు," అంది ఆమె. అందరూ నవ్వారు. ఆల్సీడ్ కాస్త ఎక్కువే నవ్వాడు. ఆమె టోల్‌కు, రేఫర్డ్‌కు మధ్య ఇరుక్కుని కూర్చుంది. దారి పొడవునా చమురు శుద్ధి కర్మాగారం వాసన, ధాన్యం మిల్లు ఊక దుమ్ము కిటికీల్లోంచి వస్తూనే ఉన్నాయి. ఆల్సీడ్ మెడ వెనక భాగం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇవాళే చూసింది. జుట్టు కొత్తగా కత్తిరించుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసే నల్లవాళ్ళకు సెలవు. వంటమనుషులు, ఆయాలు, కార్లు నడిపేవాళ్ళు డ్యాన్సు కోసం పెలికన్ హాలుకు వస్తారు. వారమంతా తెల్లటి ఏప్రనులో ఉన్న ఆడవాళ్ళు ఎర్రటి, పసుపుపచ్చటి గౌన్లలో దిగుతారు. కిటికీలన్నీ తెరిచి, వెనక వంటగదిలో మిస్ కోరిన్ గంబో అనే రొయ్యల పులుసు ఉడికిస్తుంటుంది. ఓజెల్లా అందరికంటే ముందు పియానో మూత ఎత్తి, ఒక్కో మెట్టూ నొక్కి చూసి, సముద్రపు గాలికి దిగిపోయిన తీగల్ని బిగించుకుంటుంది. ఇవాళా బిగించింది. వెనక రేఫర్డ్ తన పెట్టె తీగను గోడలోని ప్లగ్గుకు తగిలిస్తుంటే బుయ్యిమని మోత వచ్చింది. ఆమె తల తిప్పలేదు.

మూడు గంటలకల్లా హాలు నిండింది. ఓజెల్లా మడమతో నేల తట్టి, ఎడమచెయ్యి దింపింది.

మొదట తన చెవులే మోసం చేస్తున్నాయనుకుంది. ఆమె వేళ్ళ కింద ఉన్న శబ్దం ఆమె వెనక నుంచి కూడా వస్తోంది. మరింత లావుగా, మరింత నున్నగా, నేల పలకల్లోంచి అరికాళ్ళలోకి ఎక్కుతూ. బేస్ వాయించేవాడు పాటను అనుసరించడం మామూలే. ఇది అనుసరించడం కాదు. రేఫర్డ్ ఆమె వరసనే వాయిస్తున్నాడు. ఏ మలుపూ వదలకుండా, ముందే తెలిసినట్టు. ఐదో స్వరం వచ్చింది. అతను ఆలస్యం చేశాడు. ఆరోదాన్ని తరుముకుంటూ వచ్చాడు. హాల్లో నడుములన్నీ ఒక్కసారిగా దిగి లేచాయి.

ఓజెల్లా అతని చేతి వైపు చూసింది. వేళ్ళన్నీ చక్కగా వంగుతున్నాయి. ఒక్కటీ విరిగింది కాదు.

ఆమె ఎడమచెయ్యి పియానో మీంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

ఏమీ కాలేదు. పాట అలాగే నడిచింది. ఎవరూ తల తిప్పి చూడలేదు. పసుపు గౌను వేసుకున్న లావుపాటి ఆవిడ కళ్ళు మూసుకుని, చెమటలు కారుతూ, ఆ కుంటినడక మీద ఊగుతోంది. ఓజెల్లా లేని కుంటినడక మీద. ఆల్సీడ్ ఒక్కడే చూశాడు. చూసి, వెంటనే గిటార్ మీదికి తల వంచేశాడు.

విరామంలో ఆమె పెరట్లో నీళ్ళ పంపు దగ్గర నిలబడితే అతనే వెనకాల వచ్చాడు.

"ఎన్నాళ్ళ నించి నేర్పుతున్నావు వాడికి?"

"ఓజీ..."

"వాడు రికార్డు విని పట్టుకోలేదది. నా పక్కన కూర్చుని నా వేలు చూసినవాడే చెప్పగలడు. ఎలా చెప్పావు? నోటితోనా, గిటార్ మీదా?"

"రెండూ," అన్నాడు ఆల్సీడ్. చొక్కా కాలరు ఒక వేలితో లాక్కున్నాడు. "వేసవి మొదట్నించీ. మా ఇంట్లో. ఆదివారాలు."

ఆదివారాలు మోకాలి నొప్పి అని చెప్పి అతను చర్చికి రావడం మానేశాడు. ఆమె రెండుసార్లు వేడి కాపడానికి ఆముదం పంపింది.

"హ్యూస్టన్ నుంచి ఒకాయన వచ్చాడు," అన్నాడతను. "బ్యాండును ఊళ్ళు తిప్పుతానన్నాడు. డాలస్, శాన్ ఆంటోనియో, ఇంకా అవతలికి కూడా. అందరికీ ముందు గిటార్ నిలబడాలన్నాడు. పియానో వద్దన్నాడు. ఊరూరా శ్రుతి లేని పియానోలతో ఎవడు పడతాడన్నాడు. నేను చెప్పాను ఓజీ, ఆమె లేకుండా మేం లేమని చెప్పాను."

"చెప్పి?"

"ఆమెలో మీకు కావాల్సిందేంటి అనడిగాడు." ఆల్సీడ్ గొంతు తగ్గింది. "ఎడమచెయ్యి అన్నాను."

పంపులోంచి నీటిచుక్కలు పడుతున్నాయి. లోపల డ్రమ్ములవాడు డ్రమ్ము తోలు బిగించుకుంటూ టకటకలాడిస్తున్నాడు.

"టోల్‌కి తెలుసా?"

"అందరికీ తెలుసు."

"నేను ఇస్త్రీ చేసిన చొక్కాలు తొడుక్కుని, అందరికీ తెలుసు," అంది ఓజెల్లా. అరవలేదు. ఆమె అరిచి ఉంటే అతనికి సుఖంగా ఉండేది. "కుంటినడక కూడా ఎందుకు నేర్పావు ఆల్సీడ్? వాడికి వేళ్ళన్నీ బాగున్నాయిగా. తిన్నగా వాయించమనొచ్చుగా."

అతను పంపు కింది తడిమట్టిని బూటుతో తొక్కాడు.

"తిన్నగా వాయిస్తే అది నడవదు ఓజీ. చూశాం. చచ్చినట్టుంటది."

ఆ వేలికి కట్టు కట్టిన రాత్రి అతను తెల్లవార్లూ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కదిపితే ఎముక పక్కకు పోతుందని. ఇంతకాలం అది తన చెయ్యే అనుకుంది. అతను కూడా తనదే అనుకున్నాడేమో.

"చెప్పాల్సింది," అంది.

"చెబుదామనే ప్రతి గురువారం బయల్దేరేవాణ్ణి. నువ్వొచ్చి పక్కన కూర్చునేదానివి. ఇంక చెప్పబుద్ధయ్యేది కాదు."

"అందుకని ఇవాళ పెట్టెను కూర్చోబెట్టావు."

మిస్ కోరిన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఇద్దర్నీ చూసింది. ఏం అర్థమైందో ఏమో, చెంచా వేసిన పింగాణీ గిన్నె ఒకటి తెచ్చి ఓజెల్లా చేతిలో పెట్టింది. అన్నం పుడ్డింగు, ఇంకా వెచ్చగా ఉంది. "తిను పిల్లా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో," అంది. ఓజెల్లాను పిల్లా అని పిలిచే మనిషి భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది. ఓజెల్లా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి పియానో మీద పెట్టుకుని కూర్చుంది.

రెండో విడతలో ఆమె ఎడమచెయ్యి మళ్ళీ దింపింది. ఈసారి కుంటినడక వాయించలేదు. ఉంగరపు వేలును పక్కనపెట్టి, బొటనవేలిని దాని చోటికి విసురుతూ, పదహారేళ్ళప్పుడు వాయించిన పాత వరసను ఎత్తుకుంది. తిన్నటిది, వేగమైనది, పట్టాల మీద దుంగల రైలు. ఇన్నేళ్ళూ ఎవరికీ వినిపించలేదు. ఆల్సీడ్‌కు కూడా తెలియదు. రేఫర్డ్ వేళ్ళు తడబడ్డాయి. అతను ఆగే చోట ఆమె ఆగలేదు. డ్రమ్ములవాడు ఎవరి వెంట పోవాలో తెలియక ఇద్దరినీ వదిలేశాడు. ఆల్సీడ్ భయంగా తల ఎత్తాడు. ఒక్క నిమిషం ఆ బ్యాండంతా ఆమె అరచేతిలో ఉంది. కావాలంటే అక్కడికక్కడ నలిపేయగలదు.

అప్పుడు పసుపు గౌను ఆవిడ నడుము దించబోయింది. దించాల్సిన చోటు రాలేదు. కాలు మెలిక పడి పక్కవాడి మీద పడింది. లేచి, గౌను సర్దుకుని, సిగ్గుగా చుట్టూ చూసింది, తప్పు తనదే అన్నట్టు. అటుపక్క ఇంకో ఇద్దరు ఆగిపోయారు. పొద్దున్నుంచి పరాయి ఇంట్లో పొయ్యి ముందు నిలబడి వచ్చిన ఆడవాళ్ళు. వారానికి ఈ ఒక్క పూట వాళ్ళది.

ఓజెల్లా ఎడమచెయ్యి తీసేసింది. రేఫర్డ్ వైపు చూసి తల ఊపింది. అతను ఊపిరి పీల్చుకుని కుంటినడక అందుకున్నాడు. హాలు మళ్ళీ ఊగింది. పసుపు గౌను ఆవిడ నవ్వింది.

కుడిచేత్తో మాత్రం ఆమె ఇంకాసేపు వాయించింది. తర్వాత రెండు వేళ్ళతో. తర్వాత ఒక వేలితో. ఆ తర్వాత లేచి, గౌను వెనక ముడతలు చేత్తో సవరించుకుని, వంటింట్లోంచి బయటికి నడిచింది.

"పాట అవ్వలేదుగా?" అంది మిస్ కోరిన్.

"అవదులే. నడుస్తుంది," అంది ఓజెల్లా.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. లేక్ చార్లెస్ వెళ్ళే బస్సు చెయ్యెత్తితే ఆగింది. వెనక వరసలో కిటికీ పక్కన కూర్చుంది. లేక్ చార్లెస్‌లో విధవరాలైన ఆమె చెల్లెలు ఒక లాండ్రీలో పనిచేసేది. ఓజెల్లా కూడా అందులోనే చేరింది, చొక్కాల బల్ల దగ్గర. ఆదివారాలు చర్చిలో పియానో వాయించమంటే కుడిచేత్తో ఒప్పుకుంది. ఆ తర్వాత ఎడమచేత్తో ఆమె వాయించగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. మరుసటి ఏడాది లాండ్రీ రేడియోలో ఆల్సీడ్ బాటిస్ట్ బ్యాండు రికార్డు ఒకటి పదేపదే మోగేది. పక్క బల్ల పిల్ల ఆ కుంటినడక మీద నడుము దించి లేపుతుంటే, ఓజెల్లా బాగుందని మెచ్చుకుంది. రెండు శీతాకాలాల తర్వాత నిద్రలోనే పోయింది.

ఆ గురువారం మాత్రం, ఆమె వెళ్ళిపోయిందని హాల్లో చాలాసేపటి దాకా ఎవరూ గమనించలేదు. పియానో మీద ముట్టుకోని పుడ్డింగు గిన్నె అలాగే ఉంది. రేఫర్డ్ బేస్ మోగినప్పుడల్లా అందులోని చెంచా గిన్నె అంచుకు తగిలి సన్నగా గలగలమంటూనే ఉంది.