చిన్నమ్మి పేరు మీద పోయిన కన్ను

రాంప్రసాద్ జబ్బ పట్టుకుని లాగకపోతే ఆ పూట అమ్మన్న బొగ్గుబండి కింద పడిపోయేది.

మే నెల, పదకొండు గంటల ఎండ. గతోరా వైపు లైను మీద గ్యాంగు కంకర సర్దుతోంది. కాపలా ఉన్నవాడు ఈల ఊదాడు, జెండా ఊపాడు. పన్నెండు మందీ పారలు వదిలి పక్కకు తప్పుకున్నారు. అమ్మన్నా ఈల వింది. విని, చప్పున ఎడమ వైపుకు జరిగింది. బండి వస్తున్నది ఆ ఎడమ లైను మీదే. రెండు నెలలుగా ఆమెకు ఎడమ వైపు లోకం లేదు.

బండి పోయేదాకా రాంప్రసాద్ ఆమె జబ్బ వదల్లేదు. గ్యాంగుకు మేటు, అంటే పెద్ద, అతను. అమ్మన్న కంటే పదేళ్లు చిన్న. ఆమె కన్ను సంగతి అతనికి తెలుసు. తెలిసీ దాచాడు. ఆమెను మనుషుల మధ్యలో నిలబెట్టి, తేలిక పనులు చెప్పి నెట్టుకొస్తున్నాడు.

“ఇలగైతే ఎన్నాళ్లప్పా,” అన్నాడు, “నువ్వొక్కర్తివే పోతావేటి? నిన్ను లాగబోయి ఇంకోడు పోతాడు.”

ఆ మాట నిజమని అమ్మన్నకు తెలుసు. తను దాచిన దానికి పక్కవాడు చచ్చేవాడు. కంకర కుప్ప మీద కూర్చుని సీసాలోని వేడి నీళ్లు తాగింది.

కన్ను దాచడం గ్యాంగువాళ్లకు కొత్తేమీ కాదు. ఏడాదికోసారి రైల్వే డాక్టరు చూపు పరీక్షిస్తాడు. చూపు తగ్గితే లైను మీద నుంచి దింపేస్తారు. జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలని నియమం ఉంది. ఆ పని దొరికేదాకా ఎన్ని నెలలు ఆఫీసు వరండాల్లో కూర్చోవాలో నియమంలో లేదు. లైను పనికి నెలనెలా ఇచ్చే కష్టభత్యం రెండువేల ఏడువందలు మాత్రం మర్నాటి నుంచే పోతుంది. అందుకని కంట్లో పొర కనబడగానే రైల్వే ఆసుపత్రికి పోకుండా, బయట ఎక్కడో గుట్టుగా కోయించుకుని, పరీక్ష నాటికి మంచి కన్నుతో హాజరు కావడం వాళ్ల ఆనవాయితీ. మొగుడు పోయాక అతని ఉద్యోగంలోకొచ్చి పన్నెండేళ్లు పార పట్టిన అమ్మన్నా అదే చేసింది. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. మార్చిలో మంగ్లాలో ఒక పెళ్లిమండపంలో సర్కారువాళ్లు ఉచిత కంటి శిబిరం పెడితే వెళ్లింది. తన పేరు ఎక్కడా పడకూడదని తోటికోడలు చిన్నమ్మి ఆధార్ కార్డు పట్టుకెళ్లింది. ఆధార్ ఫోటోలో ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు కదా, ఎవరూ అడగలేదు.

ఆ రోజు అరవై మందికి కోశారు. పద్నాలుగు మందికి చీము పట్టి చూపు పోయింది. పేపర్లలో వచ్చింది. డాక్టరును సస్పెండ్ చేశారు. మనిషికి రెండు లక్షల పరిహారం ప్రకటించారు. జాబితాలో పద్నాలుగో పేరు చిన్నమ్మిది. రెండు కళ్లూ నిక్షేపంలా ఉండి, బుధవారీ బజారులో ఎండుచేపలు అమ్ముకునే చిన్నమ్మిది.

ఫోను మోగింది. చిన్నమ్మి కూతురు తనూజ. ఆరోగ్య శాఖ నుంచి ఖరే సాబ్ చెక్కు పట్టుకొచ్చాడని, అమ్మను సంతకం పెట్టమంటున్నాడని, పెద్దమ్మ తురంత్, ఉన్నపళంగా రావాలని చెప్పింది.

ఖరే పేరు వినగానే అమ్మన్న లేచి రాంప్రసాద్ దగ్గరకెళ్లింది.

“ప్రసాదూ, రేపట్నుంచి నాను లైను మీదకి రాను. నాకు ఎడం కన్ను లేదని నువ్వు పైకి రాసీ. ఇన్నాళ్లూ నీకు తెల్దని రాయి.”

రాంప్రసాద్ ఆమె ముఖంలోకి చూసి, చార్జిషీటు ఇస్తారు అప్పా అన్నాడు. ఇవ్వనీమంది.

ఆటో పట్టుకుని ఊళ్లోకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. దారిపొడుగునా ఆమెకు ఆ మండపమే గుర్తొచ్చింది. ఎడమ కంటికి మందు వేసి గుడ్డ కప్పారు. కుడి కన్ను మీద గుడ్డ జారిపోయింది. జారిందని ఆమె చెప్పలేదు, చెబితే కోప్పడతారేమోనని. అలా ఆ కుడి కన్ను మొత్తం చూసింది. కరెంటు పోవడం చూసింది. పనిముట్లు మరిగించే డబ్బా మీద ఎర్రదీపం ఆరిపోవడం చూసింది. కుర్ర డాక్టరు చేతులు పైకెత్తి, ఇవి మరగలేదు, నేను చెయ్యను అనడం చూసింది. అప్పుడు తెల్ల చొక్కా, మెడలో కార్డు వేలాడేసుకున్న మనిషొకడు ముందుకొచ్చాడు. ఐదింటికి మంత్రిగారు వస్తున్నారు, అరవై అంటే అరవై కావాలి, వేడినీళ్లలో ముంచి కానివ్వు, బాధ్యత నాది అన్నాడు. బాధ్యత నాది అన్న ఆ మనిషే ఖరే. శిబిరం మీద శాఖ తరఫు అధికారి. తరవాత డాక్టరు సస్పెండయ్యాడు. బాధ్యత నాదన్నవాడు చెక్కులు పంచుతున్నాడు.

రెండు నెలలుగా అమ్మన్న ఆ మనిషిని మనసులో ఎన్ని రకాలుగా చంపిందో లెక్కలేదు. పారతో కొట్టి చంపింది. వాడి కంట్లో కూడా ఎవరో మరిగించని కత్తి పెట్టాలని, ఎవడో పక్కన నిలబడి బాధ్యత నాది అనాలని రోజూ కోరుకుంది. దేవుడి గదిలో కూడా అదే కోరిక. సిగ్గుపడలేదు.

చిన్నమ్మి ఇంటి ముందు సందు నిండా జనం. లోపల ఒక్క కుర్చీ, దాంట్లో ఖరే, ముందు బల్ల మీద చెక్కు, పక్కన ఫోటోగ్రాఫరు. చిన్నమ్మి ఎడమ కంటికి ఇంత దూది పెట్టి రుమాలు కట్టుకుని గోడకానుకుని నిలబడింది. పాపం, ఎవరూ చెప్పకుండానే కట్టుకున్నట్టుంది. తనూజ కాగితం చదువుతోంది. తెలుగు అక్షరాలు కూడబలుక్కునే పిల్ల, హిందీ గడగడా చదువుతుంది.

“ఆపరేషన్ తర్వాత రోగి శుభ్రత పాటించకపోవడం వల్ల చూపు పోయిందట,” అంది తనూజ, “శిబిరం మీద గానీ, ఏ అధికారి మీద గానీ నాకు ఫిర్యాదు లేదు, ఇక మీదట చెయ్యను అని ఉంది. కింద అమ్మ సైన్.”

మిగతా పదమూడు మందీ సంతకాలు పెట్టేశారని ఖరే నెమ్మదిగా చెప్పాడు. కూలీలు, ముసలివాళ్లు, వాళ్లకు చెక్కు కనబడింది గానీ కాగితం కనబడలేదు. రాయ్‌పూర్ నుంచి విచారణకొచ్చిన మేడం ఇవాళ సాయంత్రం ఐదింటికి విచారణ ముగిస్తుంది. ఫిర్యాదు లేదని రాసిచ్చినవాళ్లను ఆవిడ పిలవదు. అంటే చిన్నమ్మి సంతకం ఒక్కటి పడితే అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

అమ్మన్న గడపలో నిలబడి ఉంది. ఒంటి మీద ఇంకా గ్యాంగువాళ్ల నారింజ రంగు కోటే. ఖరే తలెత్తి చూశాడు. తెల్లబడిన ఆ కంటిని చూశాడు, రుమాలు కట్టుకున్న చిన్నమ్మిని చూశాడు. తెలివైన మనిషి, రెండు క్షణాల్లో సంగతంతా పట్టేశాడు. కోపం రాలేదు సరికదా, మొహం విప్పారింది. తల్లీ కూర్చోండి అన్నాడు. వేరేవాళ్ల కార్డుతో సర్కారు ఆపరేషన్ చేయించుకోవడం నేరమనీ, కార్డు ఇచ్చినవాళ్లదీ నేరమేననీ, రైల్వేకి ఒక్క ఉత్తరం ముక్క పోతే ఉద్యోగం ఏమవుతుందో మీకే తెలుసుననీ చక్కగా విడమరిచాడు. తను అలాంటి వాణ్ని కాదన్నాడు. కార్డు మీద చిన్నమ్మి ఉంది, చిన్నమ్మి సంతకం పెడుతుంది, చెక్కు మీరూ మీరూ చూసుకోండి, నేను ఎవరినీ చూడలేదు అన్నాడు.

మండపంలో విన్న గొంతే. అదే మెత్తదనం.

చిన్నమ్మి తోటికోడల్ని వంటింట్లోకి లాక్కెళ్లి చెయ్యి పట్టుకుంది.

“అప్పా, పైసా నాకొద్దు. మొత్తం నీకిచ్చీస్తాను. కన్ను ఎలాగూ రాదు కదా. ఈ పిల్ల నర్సు చదువులో ఉంది, నా మీద కేసెడితే దాని బతుకేటవుతాది?”

చిన్నమ్మి అడిగినదాంట్లో తప్పేముంది, అనుకుంది అమ్మన్న. కార్డు అడిగింది తను. ఒక్కమాట లేకుండా ఇచ్చింది ఈ పిచ్చిది. తన పగ తీర్చుకోవడానికి దీని కొంప కూల్చడం ఏ న్యాయం?

“నీ పేరు నాను చెప్పను,” అంది చివరికి. “నువ్వు బజారుకెల్లినప్పుడు కార్డు దొంగతనం చేసినానని చెప్తాను. నా ఉద్యోగం పోతే పోనీ, జైలైతే జైలు. ఆడు మాత్రం నీ చేత్తో సంతకం ఎట్టించుకుని ఎల్లిపోకూడదు చిన్నమ్మీ. ఎల్లిపోతే నాను బతకలేను.”

చిన్నమ్మి ఏమనుకుందో, ముందు గదిలోకి నడిచింది. అమ్మన్న వెనకాలే వచ్చింది. ఖరే కలం మూత తీసి పట్టుకున్నాడు. ఫోటోగ్రాఫరు సర్దుకున్నాడు. అందరూ చూస్తుండగా చిన్నమ్మి రుమాలు ముడి విప్పింది. దూది తీసి, చెక్కు పక్కన బల్ల మీద పెట్టింది.

“కార్డు నానే ఇచ్చినాను సాబ్,” అంది. “మా అప్ప దొంగ కాదు.”

ఖరే చెక్కు మడిచి సంచిలో పెట్టుకుని, దీని ఫలితం చూస్తారు అని లేచాడు. సందులో జనం పక్కకు తప్పుకోలేదు. అతనే ఒత్తిగిలి పోవాల్సి వచ్చింది.

విచారణ ఊరి చివర ఒక అతిథి గృహంలో జరుగుతోంది. నాలుగూ పదికి అమ్మన్న అక్కడికి చేరింది. తనూజ కూడా వచ్చింది, పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తారో లేదో చదివి చూడ్డానికి. తలుపు తీసేసరికి లోపల ఎవరున్నారు? మేడం కుర్చీకి కుడి పక్కన, ఫైళ్లు సర్దుతూ, ఖరే. శాఖ తరఫున విచారణకు సహకరించే అధికారి కూడా అతనేనట. సాక్షుల్ని తెచ్చేదీ అతనే, సాక్షులు రాలేదని చెప్పేదీ అతనే. ఇంతకంటే మంచి ఏర్పాటు మన సర్కారు తప్ప ఇంకెవరు చెయ్యగలరు?

ఈమె పేరు జాబితాలో లేదని ఖరే మేడం చెవిలో చెప్పాడు. మేడం గడియారం చూసుకుంది. వయసు యాభై ఉంటుంది, ముఖంలో దయ ఉందో లేదో చెప్పడం కష్టం. జాబితాలో లేకపోతే ఎందుకొచ్చావని అడిగింది.

“నా పేరు అమ్మన్న. రైల్వే గ్యాంగులో పని. జాబితాలో పద్నాలుగో పేరు మా తోటికోడలిది, కన్ను నాది.”

తప్పు ముందుగా చెప్పేసింది. కార్డు, పేరు, ఎందుకు దాచిందీ, పొద్దున బండి కింద పడబోవడం, ఒక్కటీ వదల్లేదు. మేడం కలం పక్కన పెట్టి, ఇదంతా రాస్తే నీ మీదే చర్య వస్తుంది, తెలుసా అంది. అమ్మన్న తెలుసంది. రాయమంది.

అప్పుడు రెండో సంగతి చెప్పింది. కరెంటు ఎన్నింటికి పోయిందని మేడం అడిగింది. అమ్మన్నకు గడియారం అక్కర్లేదు. కట్నీ వైపు ప్యాసింజరు కూత వేసి మండపం వెనక నుంచి పోయిందని, అది పోయిన పది నిమిషాలకు ఎర్రదీపం ఆరిందని చెప్పింది. ఆ రోజు ఆ బండి ఎంత ఆలస్యంగా పోయిందో స్టేషన్లో రాసి ఉంటుంది, చూసుకోండి అంది. డాక్టరు అన్న మాట చెప్పింది. బాధ్యత నాది అన్న మాట చెప్పింది. అన్నది ఎవరని అడిగితే చెయ్యి చాపి చూపించింది.

మేడం కుర్చీ ఇటు తిప్పుకుంది. విచారణ పొడుగునా తన పక్కన కూర్చున్న మనిషిని మొదటిసారి సరిగ్గా చూసింది. ఈవిడ మీకు తెలుసా అంది.

ఖరే నవ్వబోయి మానుకున్నాడు. అతని సంచిలో చెక్కు ఉంది. మూడు గంటల కిందట అతను వెళ్లొచ్చిన సందులో నలభై మంది ఉన్నారు. అదంతా అతనికి గుర్తు లేదో, ఆ జనాన్ని జనం కింద లెక్కేసుకోలేదో.

“లేదు మేడం,” అన్నాడు. “నేనీవిడని ఎప్పుడూ ఎక్కడా చూడలేదు.”

తనూజ ఏదో అనబోయింది. అమ్మన్న ఆమె మోచెయ్యి నొక్కి ఆపింది. రెండు నెలల్లో మొదటిసారి ఆమెకు గుండెల నిండా గాలి అందింది.

“ఆ మాట కూడా రాయండమ్మా,” అంది మేడంతో. “రాసి, కింద ఆయన చేత సంతకం ఎట్టించండి.”

మేడం రాసింది. పొడిగా మూడు పంక్తులు. కాగితం ఖరే ముందుకు జరిపి కలం ఇచ్చింది. ఖరే కలం అందుకున్నాడు. ఒకసారి కాగితం వైపు, ఒకసారి కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల, వరండాలో, మధ్యాహ్నం అతనికి దారి ఇవ్వని చిన్నమ్మి సందులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆటోలు దిగి వస్తున్నారు.

“ఎట్టండి సాబ్,” అంది అమ్మన్న.