మూడు కప్పుల కందిపొడి

పార్సిల్ వచ్చినప్పటి నుంచి మాచర్లలోని ఆ ఇంట్లో హైమావతికి తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అట్టపెట్టెలో మూతలు బిగించిన చిన్న కప్పులు మూడు, ఒక ఎర్ర బల్బు, ఒక కాగితం. కప్పుల మీద 417, 862, 295 అన్న అంకెలు తప్ప పేరూ లేదు, ఊరూ లేదు. లోపల ఉన్నది కందిపొడి. పల్నాడుకు కందిపొడి కొరియర్లో రావడమేమిటో అత్త సుబ్బమ్మకు హైమావతి ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు.

"తిని చెప్పాలత్తా. రెండు కప్పుల్లో ఒకే పొడి ఉంటది. ఒకదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో నేను కనుక్కోవాలి. హైదరాబాదులో వాళ్ళు ఫోన్లో చూస్తా ఉంటారు."

"ఏ కప్పులో ఏం పోశారో వాళ్ళకు తెలవదా ఏంది?"

"తెలుసు. నాకు తెలుస్తదో లేదో చూస్తారు."

"బాగానే ఉంది సంబడం. అయినా మూడు పంపేదేందే? తినే మనిషి ముందు ఎవరన్నా మూడు పెడతారా? ఇంకోటి పంపితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

హైమావతి ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఆ తర్వాతి తలనొప్పి ఉండేదే కాదు.

ఆమెకు ఈ పరీక్ష ఎందుకో చెప్పాలి. పదేళ్ళుగా ఇంట్లోనే కందిపొడి, కరివేపాకు కారం దంచి అమ్మిన మనిషి. మాఘమాసంలో ఒక జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయింది. వెల్లుల్లి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నా మట్టి పెట్టుకున్నట్టే ఉండేది. గుంటూరు డాక్టరు, మెల్లగా వస్తుందమ్మా, ఎప్పుడని మాత్రం చెప్పలేను అన్నాడు. తాను రుచి చూడలేని సరుకు జనానికి ఎట్లా అమ్మేది? రోలు బోర్లించింది. పక్కింటి హజ్రా బీ గోడ మీదుగా, "అక్కా, పొడెప్పుడు దంచుతావే?" అని అడుగుతూనే ఉంది. ఇంట్లో పొడి ఇప్పుడు సుబ్బమ్మ కొడుతోంది. మిరపకాయలు నల్లబడేదాకా వేయిస్తేగాని ఆవిడకు తృప్తి ఉండదు.

ఈ మధ్య నాలుకకు ఏదో తగులుతోంది. కానీ ఆ తగిలేది నిజమో కాదో తేలడం లేదు. పది పదిహేను రోజుల నుంచి పప్పు ఉప్పగా అనిపిస్తోంది. మొగుడు కోటేశ్వర్లును అడిగితే, "బాగానే ఉందిగా" అన్నాడు. అత్తను అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది, తిను" అంది. ఇద్దరు బాగుందన్నాక నాలుకే అబద్ధమాడుతోందనుకుని హైమావతి నోరు మూసుకుంది. అందుకే హైదరాబాదులోని ఒక పొడుల కంపెనీ వాళ్ళు ఇంట్లోనే కూర్చుని రుచి చూసి చెప్పేవాళ్ళు కావాలంటే పేరిచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు తన మనసు నొచ్చుకుంటుందని అబద్ధమాడరు కదా. నాలుక వచ్చిందంటే రోలు తిరగేస్తుంది. రాలేదంటే దాన్ని అమ్మేస్తుంది. అట్లాగని గట్టిగా అనుకుంది.

పరీక్ష పదకొండింటికి. గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, అగరొత్తులు వెలిగించకూడదు, తలకు వాసన నూనె రాయకూడదు. పొడి రంగు చూసి పోల్చకుండా గది కిటికీలు మూసి ఎర్ర బల్బు పెట్టుకోవాలి. కప్పుల మూతలు ఇంకొకరు తీసి, కాగితంలో రాసిన వరసలో పళ్ళెంలో పెట్టాలి. ఆ ఇంకొకరు సుబ్బమ్మ. పనంతా బుద్ధిగా చేసి, తలుపు దగ్గరకేసి వెళ్ళిపోయింది.

ఫోన్లో శ్రీదేవి అనే అమ్మాయి కనబడింది. కంపెనీ తరఫున పరీక్ష పెట్టేది ఆ పిల్లే.

"ఎడమ వైపు నుంచి మొదలుపెట్టండి హైమావతి గారూ. చెంచా చివర కొంచెం చాలు. మధ్యలో నీళ్ళు పుక్కిలించండి."

"అన్నం? నెయ్యి?"

"వద్దండీ. ఉత్త పొడే."

నెయ్యి లేకుండా కందిపొడి తినమనే వాళ్ళకు రుచి గురించి ఏం తెలుసని హైమావతి లోపల విసుక్కుంది. మొదటి కప్పు నాలుక మీద వేసుకుంది. కంది, జీలకర్ర, ఉప్పు సమంగా ఉన్నాయి. తగులుతున్నాయి. నీళ్ళు పుక్కిలించి మధ్య కప్పు అందుకుంది.

చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మాడిన మిరపకాయ. సుబ్బమ్మ మూకుట్లో మాడిన మిరపకాయ. హైదరాబాదు కప్పులోకి తన అత్త చేయి ఎట్లా వస్తుంది? వంటింట్లోంచి వాసన వస్తోందేమోనని తలుపు వైపు చూసింది. తన వేళ్ళు వాసన చూసుకుంది. మళ్ళీ చెంచాడు వేసుకుంది. మళ్ళీ అదే.

మూడోది వేసుకుంది. అందులో మాడు లేదు గాని ఉప్పు తక్కువ. మొదటిదాని లాగా కూడా లేదు.

"ఏది వేరుగా ఉందండీ?" అంది శ్రీదేవి.

"మూడూ వేరేనమ్మా."

"అలా ఉండదండీ. రెండు కచ్చితంగా ఒకటే. ఇంకోసారి చూడండి."

ఇంకోసారి చూసింది. ఈసారి కూడా మూడు మూడు దారుల్లో పోయాయి. ఎర్ర వెలుగులో ఆ పళ్ళెం, ఆ అంకెలు, ఫోన్లో ఆ పిల్ల మొహం అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. లేని మాడును పుట్టించుకుంటున్న నాలుక ఉన్న ఉప్పును మాత్రం సరిగ్గా చెబుతుందా? ఫోన్లో మూడు అంకెలున్నాయి, ఒకటే నొక్కాలి. మూడూ వేరనడానికి అక్కడ చోటు లేదు. హైమావతి కళ్ళు మూసుకుని 862 నొక్కింది.

శ్రీదేవి తన ముందున్న కాగితంలో చూసుకుంది. "వేరుగా ఉన్నది 295 అండీ. ఉప్పు తగ్గించి పంపాం. మొదటిదీ మధ్యదీ ఒకటే. ఏమనుకోకండి, ఈసారికి మిమ్మల్ని తీసుకోలేం" అని మెత్తగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

హైమావతి ఆ ఎర్ర గదిలోనే కూర్చుండిపోయింది. నాలుక రాలేదు. వచ్చినట్టు నటిస్తోంది. ఆ రోలును ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తుంటే ఏడుపొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళి రుచి పోయినప్పటి నుంచి చేస్తున్నట్టే చెంచాతో ఉప్పు కొలిచి పప్పులో వేసింది.

మధ్యాహ్నం కోటేశ్వర్లు నాపరాళ్ళ ఫ్యాక్టరీ నుంచి అన్నానికి వచ్చాడు. ముగ్గురూ కూర్చున్నారు.

"పోయింది" అంది హైమావతి. "ఆఖరి దాంట్లో ఉప్పు తక్కువని తెలుస్తానే ఉంది. మధ్య దాంట్లో మాత్రం అత్త పొడి వాసనొచ్చింది. పిచ్చి పట్టినట్టుంది నాకు."

సుబ్బమ్మ ముద్ద కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "రాక ఏం చేస్తది? నేనేగా వేసింది."

"ఏం వేశావు?"

"మన జాడీలోది ఒక చెంచాడు. మూడు పెడితే శత్రువుకు పెట్టినట్టే, తెలవదా? నాలుగోది పెడదామంటే కప్పు లేకపాయె. అందుకని మధ్య దాంట్లో మన పొడి కలిపా. లెక్క నాలుగైంది. మంచి పనికి కూర్చున్న పిల్ల ముందు మూడెట్టా పెడతానే?"

హైమావతి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ముందు ఒళ్ళు మండింది. శ్రీదేవికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? మా అత్త మూడుకు ఒప్పుకోదని చెబితే రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి ఉంటుందా? ఆ తర్వాత, మెల్లగా, అసలు సంగతి తలకెక్కింది. మూడు కప్పులూ వేరేనని తను చెప్పింది. మూడూ వేరే.

ముద్ద నోట్లో పెట్టుకుంది. తొందరపడకుండా నమిలి మింగింది.

"ఏమయ్యా, పప్పులో ఉప్పెక్కువైంది."

"బాగానే ఉందిగా" అన్నాడు కోటేశ్వర్లు, అలవాటు కొద్దీ.

"నా మొహం చూసి చెప్పు."

కోటేశ్వర్లు తల్లి వైపు చూశాడు. ఆవిడ మజ్జిగ గిన్నె వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది కాణ్ణుంచి" అన్నాడు. "నువ్వు అసలే దిగులు పడతన్నావు గదా అని."

"మరి ఎట్టా తిన్నారు ఇద్దరూ?"

"మజ్జిగ ఎక్కువ పోసుకుని."

వీళ్ళను తిట్టాలో, కాళ్ళు పట్టుకోవాలో హైమావతికి తెలియలేదు. ఇన్నాళ్ళూ నిజం చెప్పిన నాలుకను నోరు మూసుకోమంది, అబద్ధం చెప్పిన వీళ్ళను నమ్మింది. నవ్వు వచ్చింది, దాని వెనకే కన్నీళ్ళూ వచ్చాయి. అవి పెదవి మీదకు జారితే వాటి ఉప్పూ తెలిసింది.

"సాయంత్రం వచ్చేటప్పుడు రెండు కిలోలు ఎండుమిరపకాయలు పట్టుకురా" అంది మొగుడితో. ఆ తర్వాత అత్త వైపు తిరిగి, "నువ్వు పొయ్యి దగ్గరికి రామాకు. నేను వేయిస్తా" అంది.